రొయ్యలు మళ్లీ మేతకొచ్చే వేళ

ముందు ఈల వినిపిస్తుంది. సన్నగా, పొడుగ్గా, మాదాపూర్ బండల మీదుగా సాగుతుంది. తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం చివర బండ పేలుతుంది. రేకులు వణుకుతాయి, తొట్టిలో నీళ్లు వణుకుతాయి, నీళ్లలోని రొయ్యలు వెలుగు తునకల్లా పైకెగురుతాయి.

ఆ నీళ్ల మీదికి వంగి, చేతి గడియారం చూసుకుంటూ కూర్చునే మనిషి జ్ఞానప్రకాశం. నరసాపురం నుంచి వచ్చి ఓ మందుల కంపెనీ ల్యాబులో అటెండరుగా చేరాడు. కంప్యూటర్ల మేడల కోసం బండలు పగలగొడుతున్న తొంభై ఎనిమిది వేసవి అది. అద్దె గది వెనక రెండు తొట్లు. నీళ్లు డబ్బాల్లో రైలెక్కి వచ్చిన సముద్రం. ఒకదానిలో మామూలు మేత. గోడ పక్కదానిలో, నీడన ఆరబెట్టి నూరిన నేల ఉసిరిని గంజితో పట్టించిన మేత.

ఊళ్లో అక్క దీనమ్మకు రెండు చెరువులు తెల్లమచ్చ తెగులుతో పోయాయి. మిగిలింది ఒక్కటే. ఎండ మారినా వాన పడినా రొయ్యలు బెదిరి మేత మానేస్తాయనీ, నీరసించిన వాటినే తెగులు ముందు పట్టుకుంటుందనీ ఆమె అనేది. ఆకుపొడి ఆ బెదురును కాస్త కడుగుతుందేమోనని తమ్ముడి కల. బెదురు కోసం వెతకనక్కర్లేదు, రోజుకు రెండుసార్లు బండల్లోంచి అదే వచ్చేది.

నెల తిరిగేసరికి ఆకుపొడి తొట్టి అద్దంలా నిలిచింది. పేలుడుకు ఒక్క రొయ్యా ఎగరలేదు. మన రొయ్యలకు ఇక భయం లేదని అక్కకు ఉత్తరం రాసేశాడు.

వారం తర్వాత ఆ తొట్టి జరపబోతే అడుగున మడత పెట్టిన బొంత తగిలింది. ఇంటాయన పోచయ్యను అడిగాడు.

"గోడ పక్కన మస్తు అదురుతున్నది సారూ. జీవాలు పరేషాన్ అయితున్నయని నేనూ మా ఆమె తొట్టి లేపి కింద బొంత ఏసినం. ఏంది, తప్పయిందా?"

ఇన్నాళ్లూ అదురును ఆపింది ఆకు కాదు, బొంత. అయినా తప్పని ఎలా అనగలడు? బొంత దులిపి ఇచ్చి, రెండు తొట్లనూ ఉత్త నేల మీద పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి రెండింట్లోనూ రొయ్యలు ఎగిరాయి. కానీ భార్య కెజియా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేలోగా, ఆకుపొడి తిన్నవి అడుగుకు దిగి మేత ముట్టేవి. రెండో తొట్టిలోవి మధ్యాహ్నం దాకా మూలన ముడుచుకునేవి. పది రోజుల్లో ఏడు రోజులు అలాగే జరిగింది. మూడు రోజులు తేడా కనిపించలేదు.

ఎస్టీడీ బూత్ నుంచి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆదివారం గుళ్లో సాక్ష్యం కూడా చెప్పేశాను కదరా, మా తమ్ముడు భయంలేని రొయ్యను చేశాడని."

"మళ్లీ లేచి దిద్దుకోవాలక్కా. చెరువులో రొయ్యపిల్లల్ని పలచగానే వెయ్యి. ఆకును నమ్మి నీటి సంగతి వదిలెయ్యకు."

దీనమ్మ తమ్ముడి మాట వింది. చెరువులో పిల్లల్ని సగమే వేసింది. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి, తన సాక్ష్యాన్ని తనే సరిచేసుకుంది.

అక్క చెరువులో రొయ్యల పట్టుబడికి ఇంకా నెలన్నర ఉంది. ఇదంతా పత్రికకు రాసుకోవడానికి వచ్చిన మనిషిని గేటు దాకా సాగనంపుతుంటే దూరాన ఈల మోగింది. జ్ఞానప్రకాశం వెనక్కి, తొట్ల వైపు చూశాడు.

"భయం పోయిందని రాయకండి బాబూ. బెదిరినా మళ్లీ మేతకొచ్చాయని రాయండి."