పచ్చబొట్టులో కలిసిన పాలు

నా బిడ్డ నిన్న హైదరాబాద్ నుంచి చేతికి టాటూ ఏయించుకొని వచ్చింది. దాని మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం కింద నల్లటి నీళ్లు ఊరుతున్నయి. చూడంగనే నా చేతి పచ్చబొట్టు యాదికొచ్చింది.

చిన్నప్పుడు నకిరేకల్ అంగట్ల మా అవ్వ నాకు పచ్చబొట్టు పొడిపించింది. పొడిచే ఆమె దీపం మసిల కలపనీకి చనుబాలు కావాలన్నది. పక్కింటి ఖాసీంబీ చంటిపిల్లతోని మా ఎంబడే వచ్చింది. కొంగు చాటుకు తిరిగి, కొబ్బరిచిప్పల పాలు పిండి ఇచ్చింది. పొడిచే ఆమె ఆ పాలు మసిల కలిపి, సూదులు ముంచి నా ముంజేతి మీద తేలు బొమ్మ పొడిచింది.

కొన్నొద్దులకు చెయ్యి వాచింది. అవ్వ పసుపు, ఆముదం పూసి పాత గుడ్డ కట్టింది. ఆ కంపుకు ఈగలు ముసిరేటియి. గుడ్డ ఇప్పితే తెల్లగ, చిక్కగ కారింది. అవి ఖాసీంబీ పాలే, లోపల విరిగిపోయినయి అనుకున్న. ఇంకొకరి పాలు నా చేతిల కుళ్లుతున్నయని అన్నం ముద్ద గొంతు దిగలే.

"అవ్వా, ఆమె పాలు ఆమెకు ఇచ్చెయ్యరాదూ," అని ఏడ్చిన.

"అది చీము బిడ్డా. పాలు ఎప్పుడో నీ ఒంట్ల కలిసిపోయినయ్," అన్నది అవ్వ.

ఆ మాటకు గడపల్నే కక్కుకున్న.

ఖాసీంబీ ఇప్పుడు ముసల్దయింది. ఊరికి పోయినప్పుడల్లా నా చెయ్యి పట్టుకొని, తేలును బొటనవేలుతోని రుద్ది, "బేటీ, నా పాలు జర గూడ పోలే, చూడు," అంటది. ఇప్పటికీ నాకు కడుపుల తిప్పుతది.

చెయ్యి మాత్రం గుంజుకోను.