కుళాయి కాపలా

విజయనగరంలో ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్ పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకి అడ్డం. అందుకని మా వీధి వెనక పేటలో, కమ్యూనిటీ హాల్లో, సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి పాలిటెక్నిక్ ఎంట్రెన్సు పాఠాలు మొదలుపెట్టాను. ఉద్ధరిద్దామనే వెళ్లాను, దాచడమెందుకు.

వాళ్లలో ఒకమ్మాయి నేను లెక్క సగం చదివేలోపే జవాబు చెప్పేసేది. ఆ దూకుడు చూస్తే నాకు ముచ్చట, కాస్త ఒళ్లుమంట కూడా. కానీ వారంలో నాలుగు రోజులు వచ్చేదే కాదు. ఇలాగైతే సీటు రాదే తల్లీ అంటే, "నీళ్లు మేష్టారూ" అంది. హాలు ముందున్న వీధి కుళాయికి సాయంత్రం నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు. బిందెలు వరసలో పెట్టుకోవచ్చు. నీళ్లొచ్చే వేళకి మనిషి లేని బిందెని మాత్రం పక్కకి తోసేస్తారు. వాళ్లమ్మకి సందు మలుపులో బజ్జీల బండి. అందుకని కాపలా ఈ పిల్లది.

ఓస్ ఇంతేనా అనుకున్నాను. తడి తగిలితే మోగే బజర్ ఒకటి చేసి, దాని తీగలు కుళాయి కింద గచ్చు మీద పరిచాను. ఎవరో బిందె తొలిచి ఆ నీళ్లు అక్కడే ఒంపారు, మోగింది. ఒక మేక వచ్చి తన పని కానిచ్చుకుంది, మళ్లీ మోగింది. రెండుసార్లూ పేటంతా బిందెలతో పరిగెత్తుకొచ్చింది. "మేక ఉచ్చోసినా సెప్తాదేటి మేష్టారూ మీ మిషను!" అని ఒకాయన మెచ్చుకున్నాడు.

ఆ పిల్ల నవ్వాపుకుంటూ, "నీళ్లకి ముందు గాలొస్తాది కదేటి మేష్టారూ" అంది. మర్నాడు జాతరలో పిల్లలు ఊదే ప్లాస్టిక్ పీక ఒకటి తెచ్చి, సైకిల్ ట్యూబు ముక్కతో కుళాయి మూతికి బిగించి, కుళాయి తిప్పి వదిలేసింది. బ్యాటరీ లేదు, తీగ లేదు. ఐదున్నరకి అది కీచుమంది. పీక ఊడదీసి అందరూ నీళ్లు పట్టుకున్నారు. నేను నా బజర్ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అప్పట్నుంచి పిల్ల రోజూ క్లాసుకొచ్చేది గానీ, పీక మోగగానే లేచి పరుగు. ముఖ్యమైన లెక్కలన్నీ ఆ వేళకే వచ్చి పడేవి. వాళ్లమ్మతో మాట్లాడాలనుకున్నాను. ఆవిడ నోటికి జడిసి ఊరుకున్నాను.

ఒకరోజు త్రికోణమితి మధ్యలో పీక మోగింది. పిల్ల పుస్తకం మూసి గుమ్మం దాకా వెళ్లింది. ఎదురుగా వాళ్లమ్మ. చేతులకి శనగపిండి, చంకలో బిందె.

"నానొచ్చాను కదే. ఎల్లి కూకో."

"మరి బండో?"

"పొయ్యి ఆర్పీసొచ్చాను."

బేరాలు జోరుగా సాగే వేళ పొయ్యి ఆర్పడమంటే మాటలు కాదు. నాకు కళ్లు చెమర్చాయి. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి మేష్టారూ ఆపీసినారు? సెప్పండి" అంది.