రూపాయి మీది నుంచి ఎగిరిపోయిన సీతాకోకచిలుకలు

మా రామన్నపేట మెహమూద్ చాచా చెక్కిన సీతాకోకచిలుకలు ఒకనాడు వెండి రూపాయల మీది నుంచి లేచి, దుకాణం చూరు కింద మూడు చుట్లు తిరిగి, నల్లమల దిక్కు ఎగిరిపోయాయి. ఆరేళ్లుగా చాయ్ హోటల్లో నేను చెబుతున్న కథ ఇదే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినా, అబద్ధం అల్లడంలో ఈ మండలంలో నన్ను మించినవాడు లేడు.

చాచాది వెండి మీద నగిషీ పని. అరిగిన పాత రూపాయి బిళ్లలను నున్నగా చేసి, మన దగ్గర తిరిగే సీతాకోకచిలుకలనే చెక్కేవాడు. జిల్లేడు మీద వాలేది ఒకటి, నిమ్మచెట్టును వదలనిది ఒకటి, తన అత్తగారి ఊరు అమ్రాబాద్ అడవిలో చూసిన నీలిది ఇంకొకటి. అన్నీ వెంట్రుకంత గీతలు. గంధకం పొగ పట్టించి గుడ్డతో తుడిస్తే గీతల్లో మాత్రం నలుపు నిలిచి, రెక్కలు తేలేవి.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో, కండ్లకు పొర కమ్ముతుండగా, ఆరు బిళ్లలు చెక్కాడు. ఇక చెక్కలేనని ఆయనకు తెలుసు. నల్లగొండలో నాణేలు కూడబెట్టే అమరేందర్ సారు వాటిని ప్రదర్శనలో పెడతానన్నాడు, కింద చాచా పేరు రాసి. నలభై ఏళ్ల పనిలో ఆ పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు.

సారు వస్తానన్న శుక్రవారం నాడు, “జర దుకాణం చూడు పెద్దులు” అని నాకు అప్పగించి చాచా నమాజుకు పోయాడు. డబ్బీ తెరిస్తే బిళ్లలు మసి పట్టినట్టున్నాయి. అమ్మ ఇత్తడి బిందెలు తోమే తీరు గుర్తొచ్చింది. చింతపండు, ఇటుక పొడి తెచ్చి, నా అంత పనిమంతుడు లేడనుకుంటూ ఆరింటినీ రుద్దాను. నలుపు పోయింది. దానితో పాటే గీతలూ పోయాయి.

చాచా వచ్చి ఒక బిళ్లను బొటనవేలితో తడిమాడు. వాసన చూశాడు. డబ్బీలో పెట్టి మూత వేశాడు. సారు రాగానే, “పని కాలే సార్. కండ్లు సాత్ ఇస్తలేవు” అన్నాడు.

గుంజకు ఆనుకొని నిలబడ్డాను. పొద్దస్తమానం వాగే నా నోరు ఆ ఒక్క పూట తెరుచుకోలేదు. ఆయన మళ్లీ ఉలి పట్టలేదు. ఆ బిళ్లల సంగతి ఎవరెత్తినా, ఇంకొకరు మాట్లాడకముందే నేను నా కథ అందుకునేవాణ్ని.

మొన్న కూడా అందుకున్నాను. పక్క బల్ల మీద చాచా ఉన్నాడని చూసుకోలేదు. నల్లమల దాకా వచ్చేసరికి అందరూ నవ్వారు. ఆయన సాసరు కింద పెట్టాడు.

“ఎగిరిపోలే. చింతపండు పెట్టి నువ్వే తోమినవ్.”