ఒక్క పాప, రెండు పుట్టినరోజులు

ఎనభైల్లో అమెరికాలో ఒక ఊరి బళ్లన్నిటికీ కలిపి ఉన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. అక్కడ రెండు కంప్యూటర్లు. ఒకటి అడ్మిషన్లది, రెండోది పిల్లల టీకాలది. అలిగిన తోడికోడళ్లలా పక్కపక్క గదుల్లోనే ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. దీని కాగితాలు మోసుకెళ్లి దానిలో కొట్టీ కొట్టీ నా వేళ్లు అంగుళం అరిగాయి. నమ్మకపోతే వచ్చి కొలుచుకోండి.

చివరికి రెంటినీ కలిపే ప్రోగ్రామ్ రాశాను. ఇంటిపేరూ, పుట్టిన తేదీ కలిస్తే ఒకే పిల్ల. కలవకపోతే ఇద్దరు. అమ్మ నన్ను కన్న తేదీ ఒకటి, బళ్లో వేయడానికి నాన్న రాయించిన తేదీ ఇంకొకటి. అయినా రాసేటప్పుడు ఆ సంగతి తట్టలేదు.

వారం తిరక్కుండా మా వీధిలోని తెలుగు దంపతులు ఒకటో క్లాసు చదివే కూతురితో, మా ఆఫీసు నుంచి వెళ్లిన రెండు ఉత్తరాలతో వచ్చారు. పాపకు టీకాలు వేయించినట్టు రుజువు లేదట, సోమవారం నుంచి బడికి రానివ్వరట. అదే ఇంట్లో టీకాలన్నీ వేయించుకున్న ఇంకో పాప ఉందట, అది ఒక్కరోజైనా బడి మొహం చూడలేదట.

“ఆ రెండో పిల్లని ఎక్కడ దాచామో చెప్పాలట, అన్నగారూ!” అంది ఆవిడ.

“అడ్మిషన్‌కి ఏ డేట్ ఇచ్చారు?”

“పాస్‌పోర్ట్‌లోది,” అన్నాడాయన. “ఇండియాలో స్కూల్ కోసం నాలుగు నెలలు ముందుకి జరిపాం కదా.”

“మరి టీకాలు వేసిన నర్సుకి?”

“నేను కన్న రోజు చెప్పాను,” అంది ఆవిడ.

“నీ డేట్ మార్చెయ్, గొడవుండదు.”

“నొప్పులు పడింది నేనండీ. మీదే మార్చుకోండి.”

ఈలోగా పాప ఏడుపు లంకించుకుంది. సోమవారం క్లాసులో నాటకం. అందులో తను గుమ్మడికాయట.

తప్పు నాదని ఒప్పుకోలేదు. “మెషీన్ కదా, పొరపాటు పడింది,” అన్నాను. మెషీన్ ఎదురు చెప్పదు. ముగ్గుర్నీ నర్సు దగ్గరికి తీసుకెళ్లాను.

నర్సు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. “తేదీలు వేరు. నేను టీకాలు వేసింది ఈ పిల్లకేనని ఎలా సంతకం పెట్టను?” అంటూ తలెత్తి పాపను చూసింది. చూసి, తన చొక్కా చెయ్యి పైకి లాగింది. మణికట్టు మీద అర్ధచంద్రంలా పళ్ల గాటు.

“టీకా వేసిన రోజు కరిచింది నువ్వేనా?”

పాప ఏడుపు ఆపి తలూపింది. కావాలంటే సరిచూసుకోమన్నట్టు నోరు తెరిచి ముందుకొచ్చింది.

“చాలు, చాలు!” అని నర్సు చెయ్యి లాక్కుని, రెండో చేత్తో గబగబా సంతకం పెట్టేసింది.