తాల్ అనే పాట

అరబ్బు దేశంలో సమాయిల్ అనే ఊళ్లో నేను పనిచేసే ఇంట్లో గోడకు ఒక ఒంటితీగ ఫిడేలు వేలాడుతుంటుంది. మేకతోలు బిగించిన పెట్టె, గుర్రపు వెంట్రుకల తీగ. శుక్రవారాలు పెద్దమ్మ తమ్ముడు వచ్చి వాయిస్తాడు. పెద్దమ్మ అంటే నేను చూసుకునే ముసలామె. మతిమరుపు. ఒక్కోసారి నన్నే తన చెల్లెలనుకుంటుంది.

ఆయన ఎన్ని వాయించినా చివరికి ఒక పాట దగ్గరికే వస్తాడు. మాటల్లేవు. ఒక స్వరం కింద, ఒకటి సాగదీసి పైన, అంతే. అది మొదలవగానే పెద్దమ్మ చేతిలో ఖర్జూరం అలాగే ఆగిపోతుంది.

"దీని పేరేంది బాబా?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

"తాల్."

"రోజూ నన్ను పిలిచేది ఆ మాటతోనే కదా. అయినా మా కడపలో తాళు అంటే ఆగమని."

ఆయన పకపకా నవ్వాడు. "ఇక్కడ రమ్మని. మీ ఊళ్లో పిలిస్తే మనిషి అక్కడే నిలబడిపోతాడన్నమాట!"

నవ్వు ఆగాక ఆ పాట సంగతి చెప్పాడు. ఇంటి వెనక ఖర్జూరతోట కింద ఫలజ్ పారుతుంది, నేల లోపలి నీళ్ల కాలువ. పూడిక తీసేందుకు అక్కడక్కడా బావుల్లాంటి నోళ్లుంటాయి. వాళ్ల పెద్దన్న అందులో దిగాడు. మట్టి విరిగిపడింది. శవం కూడా దొరకలేదు. తర్వాత చాలాకాలం వాళ్ల నాన్న ఆ నోటి దగ్గర కూర్చుని కొడుకుని ఫిడేలుతోనే పిలిచేవాడట.

"ఒకరోజు లోపలినుంచి అదే పాట తిరిగొచ్చింది. ప్రతిధ్వని అన్నారు. నాన్న వాయించడం ఆపాక కూడా అది ఆగలేదు. అక్క లేచి దిగబోతే నాన్న పట్టుకున్నాడు."

పెద్దమ్మను తోటవైపు ఒంటరిగా వదలొద్దని నాకు మొదటిరోజే ఎందుకు చెప్పారో అప్పుడర్థమైంది.

ఒక మధ్యాహ్నం ఇల్లంతా నిద్రలో ఉంది. గిన్నెలు తుడుస్తూ మనసులో గోవిందనామాలు చెప్పుకుంటున్నాను. ఆ పాట వినిపించింది. ఆయన ఈరోజు రాలేదే అనుకుంటూ వచ్చి చూస్తే, ఫిడేలు గోడకే ఉంది. మంచం ఖాళీ. వెనక తలుపు తెరిచి ఉంది.

పరుగెత్తాను. మూతరాయి జరిగిన ఫలజ్ నోటి అంచున పెద్దమ్మ. పాట కిందనుంచి వస్తోంది. భయంలో ఏ భాషా గుర్తు రాలేదు. నేను బడికి పోలేదు, మా అమ్మ ఇంట్లో దిద్దించిన తెలుగే నోటికొచ్చింది.

"తాళు! రొంత తాళు పెద్దమ్మా!"

నేను ఆగమన్నాను. ఆమెకు రమ్మని వినబడింది. వెనక్కి తిరిగి, బుద్ధిగా నా దగ్గరికి నడిచొచ్చింది. మా అమ్మకూ గోవిందస్వామికీ అక్కడే దండం పెట్టుకున్నాను.

మంచం మీద కూర్చోబెట్టి పాదాలు కడుగుతుంటే పెద్దమ్మ విసుక్కుంది.

"ఇందాక కిందనుంచి పిలిచావు, ఇప్పుడేమో పైనుంచి. ఒకచోట ఉండవేమే చెల్లీ?"

ఆ నోటికి ఇప్పుడు ఇనుప మూత బిగించారు. ఎవరైనా నన్ను తాల్ అని పిలిస్తే మాత్రం, మనిషి కంటికి కనిపించాకే కదులుతాను.