రూల్సు పుస్తకాలు ఎన్ని అన్నయ్యా?

మా తోడల్లుడు అన్ని విషయాల్లోనూ మాట మీద నిలబడే మనిషి, ఒక్క అంకె విషయంలో తప్ప. తను కనిపెట్టిన ఆటకు రూల్సు పుస్తకాలు ఎన్ని అని అడిగితే ఈ వారం చెప్పిన జవాబు వచ్చే వారానికి ఉండదు. పందొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాను. ఒకటన్నారు, రెండన్నారు, ఐదన్నారు, మళ్ళీ నాలుగన్నారు. ఒకసారి తొమ్మిది దాకా వెళ్ళి, మరుసటి వారానికి ఏమీ ఎరగనట్టు ఐదుకు దిగివచ్చారు.

ఆయన బైండింగు మేస్త్రి. కింద షాపు, పైన జిగురు వాసన వేసే ఒక గది. ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో బల్ల చుట్టూ చేరి మేం ఆడే ఆటకు సరంజామా పెద్దగా ఏమీ అక్కర్లేదు. పాడుబడ్డ కోటలోకి వెళ్ళామని అనుకోవాలి. ఒకరు దొంగ, ఒకరు వైద్యుడు, ఒకరు విలుకాడు. ఏం చేస్తున్నామో నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఎంత పడితే ఏమవుతుందో రూల్సు పుస్తకం చెబుతుంది. కథ నడిపేది అన్నయ్య. తోడల్లుణ్ణి నేను అలాగే పిలుస్తాను.

ఇక నా సంగతి. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో స్టేషన్లో మైకులో చెప్పే ఉద్యోగం నాది. చెప్పిన చోటికి రైలు రాకపోతే సామాన్లతో మెట్లెక్కి దిగే జనమంతా నన్నే తిట్టుకుంటారు. ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడ లేకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అలాంటివాడికి పెళ్ళయిన రెండో వారమే ఈ తోడల్లుడు తగిలారు.

ఆ కోటకు ఒక గోడ ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని పడకుండా ఎక్కినవాళ్ళు లేరు. పడితే ఎంత దెబ్బో చూడాలి. చూద్దామంటే ఆ రూలు ఉన్నచోట ఉండదు.

"గోడ మీంచి పడేది రెండో పుస్తకంలో కదా అన్నయ్యా?"

"ఇప్పుడు నాలుగో దాంట్లో ఉంది తమ్ముడూ."

"నాలుగోది ఎప్పుడొచ్చింది?"

"నిన్న కుట్టాను."

"మరి రెండో దాంట్లో ఏముంది?"

"తాళాలూ తలుపులూ."

"అవి మొదటి దాంట్లో ఉండేవి."

"ఉండేవి," అని ఒప్పుకునేవారు ఆయన, ఎంతో మర్యాదగా.

ఎందుకిలా అంటే కారణాలకు లోటు లేదు. పుస్తకాలు తగ్గినప్పుడు, తక్కువైతే వెతుక్కోవడం సులువనేవారు. పెరిగినప్పుడు, లావు తగ్గితే పేజీలు తిప్పడం సులువనేవారు. విన్నప్పుడల్లా నాకు నిజమేననిపించేది, ఇంటికి వెళ్ళాక బుర్ర తిరిగేది. మాతో ఆడే లెక్కల టీచరమ్మ ఓ వేసవి సెలవులన్నీ కూర్చుని అన్ని పుస్తకాలకూ కలిపి విషయసూచిక రాసింది. ఆవిడ చివరి పేజీ రాసేసరికి మొదటి పేజీలోది ఒక్కటీ చెప్పినచోట లేదు. అన్నయ్య ఆ సూచికను మెచ్చుకుని, దానికి చక్కగా గుడ్డ బైండు చేసి ఇచ్చారు.

ఇలా నడుస్తుండగా, పోయిన నెల, పాడైన కాపీలకు అట్టలు వేయించుకోవడానికి షాపుకు వచ్చే ఒక ప్రచురణకర్త మా పుస్తకాలు చూసింది. నిలబడే ఇరవై పేజీలు చదివి, అచ్చు వేస్తానంది. వదిన ఆ మాట నాతో చెబుతూ కళ్ళు తుడుచుకుంది. "ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల వెన్నుల మీద ఊళ్ళోవాళ్ళ పేర్లు బంగారు రంగులో అద్దుతున్నారు మరిదీ. ఒక్కదాని మీద ఆయన పేరు చూడాలని ఉంది," అంది.

ప్రచురణకర్త పెట్టిన షరతు ఒకటే: పుస్తకాలు మూడే ఉండాలి. ఒకటి ఆడేవాళ్ళకు, ఒకటి నడిపేవాళ్ళకు, ఒకటి దయ్యాలకూ భూతాలకూ. ఇలాంటి ఆటలు అలాగే వస్తాయట, షాపుల్లో అరలు కూడా ఆ కొలతకే కొట్టించారట. ఆదివారం తను వచ్చేసరికి సరేనో కాదో చెప్పాలి. కాదంటే ఆ మాట అంతటితో సరి.

అన్నయ్య మూడు దొంతులు పేర్చారు. చూశారు. కలిపేశారు. మళ్ళీ పేర్చారు. నాకు ఒళ్ళు మండింది. ఏదో ఒక అంకె చెప్పి ఒప్పుకోవచ్చు కదా అన్నాను.

"చెబితే అబద్ధమవుతుంది తమ్ముడూ," అన్నారు.

దీని సంగతి తేల్చి ఆయన మొహాన కొట్టాలనుకుని, మర్నాడు స్టేషన్లో రైలుకీ రైలుకీ మధ్య ఒక నోటుబుక్కు తీసి, ఎప్పుడు ఎన్ని పుస్తకాలున్నాయో వరసగా రాయడం మొదలుపెట్టాను. తేదీలు గుర్తుంటేగా. గుర్తు కోసం పక్కనే ఆ రోజుల ముచ్చట్లు రాసుకున్నాను. ఒకటి: అన్నయ్యా వదినా ఇద్దరే ఆడుకునే రోజులు. రెండు: నా పెళ్ళయిన కొత్త. మూడు: పళ్ళ డాక్టరు మాలో చేరిన వారం. నాలుగు: పోస్ట్‌మాన్ వచ్చిన వారం. ఐదు: టీచరమ్మ. మళ్ళీ నాలుగు: పోస్ట్‌మాన్ కాలు విరిగి ఇంట్లో ఉన్న రెండు నెలలు. తొమ్మిది: డాక్టరు ఇంటికి నలుగురు చుట్టాలు దిగిన వారం.

అప్పుడు మైకులో ఏ రైలును ఏ ప్లాట్‌ఫారం మీదికి పంపానో నాకు తెలియదు. తిట్లు మాత్రం చాలాసేపు వినబడ్డాయి.

సాయంత్రం నోటుబుక్కు తీసుకుని వదిన దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చూసి, ఇప్పుడా నీకు తెలిసింది అన్నట్టు నవ్వింది.

"కొత్త మనిషి చేతిలో ఏమీ లేకపోతే గోడకు జారబడి కూర్చుంటాడు మరిదీ. నువ్వు మొదటి వారం అలాగే కూర్చున్నావు. అందరికీ కావలసింది నీ చేతిలో ఉంటే నిన్ను అడక్క చస్తారా? రానివాళ్ళ పుస్తకం బల్ల మీద ఊరికే పడి ఉంటే మాత్రం ఆయన చూడలేరు. విప్పి మిగతావాటిలో కలిపేస్తారు."

ఆటలో నా రెండో వారం గుర్తొచ్చింది. ముక్కూమొహం తెలియని ఇంట్లో, కొత్త అల్లుడి బిగుసుకుపోయిన చొక్కాలో, చేతిలో ఓ సన్నటి పుస్తకం. ఆ మధ్యాహ్నమంతా వదిన గోడ మీంచి పడుతూనే ఉంది, అన్నయ్య నన్నే అడుగుతూ ఉన్నారు. ఈయన మతిమరుపుతో చస్తున్నాననుకున్నాను. నిజానికి ఆయనకు ఆ రూల్సన్నీ కంఠతా వచ్చు. ఆయన చేతిలో ఏనాడూ పుస్తకం లేదు.

ఆదివారం ప్రచురణకర్త వచ్చింది. ఆడేవాళ్ళం ఐదుగురం, బల్ల మీద పుస్తకాలు ఆరు. ఆరోది ఆవిడ కుర్చీ ముందుంది, అట్ట ఇంకా తడిగా ఉంది. ఆవిడ దాన్ని అయోమయంగా చూసింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది.

పోస్ట్‌మాన్ గోడెక్కాడు, పడ్డాడు. అన్నయ్య ఆవిడ వైపు తిరిగి, దెబ్బ ఎంతో చూడండమ్మా అన్నారు. ఆవిడ తడబడుతూ పేజీలు తిప్పింది. తర్వాత టీచరమ్మ పడింది. ఈసారి ఎంత ఎత్తు నుంచి అని ప్రచురణకర్తే అడిగింది. నాలుగు గంటలయ్యేసరికి చేతిసంచి కింద ఉంది, ఆవిడ లేచి నిలబడి, ఇంత దెబ్బకు మనిషి బతకడని పళ్ళ డాక్టరుతో వాదిస్తోంది. డాక్టరు చచ్చిపోవడానికి ఒప్పుకోవడం లేదు.

ఆట ముగిశాక ఆవిడ సర్దుకుని, మూడన్నాను కదా మేస్త్రిగారూ అంది.

అన్నయ్య తల దించుకుని జవాబిచ్చారు. "ఇవాళ ఆరుగురు కూర్చున్నారమ్మా. మూడే ఉంటే మిగతా ముగ్గురూ ఏం పట్టుకుని కూర్చుంటారు?"

అయిపోయిందనుకున్నాను. వదిన నావైపు చూడలేదు. ప్రచురణకర్త తన ముందున్న పుస్తకాన్ని తిప్పి, వెన్ను చూసి, కుట్టు చూసింది.

"అయితే కుట్టకుండానే అమ్ముదాం," అంది చివరికి. ఫారాలన్నీ, అంటే అచ్చయిన కాగితాల మడతలన్నీ, విడివిడిగా ఒక పెట్టెలో పెట్టి, అట్టలూ సూదీ దారం కూడా వేద్దామంది. వచ్చినవాళ్ళను లెక్కపెట్టి, కొన్నవాళ్ళే కుట్టుకుంటారు.

పెట్టెకు వెన్ను ఉంటుందా అని వదిన అడిగింది. నాలుగు ఉంటాయి, నాలుగింటి మీదా పేరు వేయిస్తానంది ఆవిడ. వదిన మొహం చేటంతైంది. అన్నయ్యకు మాత్రం అవేవీ వినిపించినట్టు లేదు. ప్రచురణకర్త రెండు మెట్లు దిగాక, మొహమాటపడుతూ వెనకే వెళ్ళారు.

"వచ్చే ఆదివారం మీరు వస్తారా అమ్మా? రాకపోతే ఇప్పుడే చెప్పండి, రాత్రికి ఆ పుస్తకం విప్పెయ్యాలి."

ఆవిడ ఒక మెట్టు పైకెక్కింది.

"విప్పకండి," అంది. "ఇంకొకటి కుట్టండి. మా చెల్లెల్ని కూడా తీసుకొస్తాను."