చైతా మోసుకెళ్ళిన భిటౌలి

చైతా దేవికి తొందర అంటే ఏమిటో తెలియదు. పిండర్ నది ఒడ్డున ఉన్న మా సిమల్‌సైణ్‌లో ఆడవాళ్ళంతా కలిసి కొండకు గడ్డికి వెళితే, మిగతావాళ్ళు మోపులు దించి, పాలు పితికి, చాయ్ తాగి, కబుర్లు కూడా అయిపోయాక చైతా మోపు మలుపులో కనిపించేది. దారిలో ఎవరి గేదె ఈనిందో, ఎవరి కోడలు నెల తప్పిందో కనుక్కోకుండా ఆమె కాలు ముందుకు పడదు. "నువ్వు పోయేనాడు యముడు కూడా దారిలో కూర్చుని నీకోసం ఎదురు చూడాలి" అనేవాడు తండ్రి గబర్ సింగ్. "చూడనీ. ఆయనకు మాత్రం వేరే పనేముంది?" అనేది చైతా.

గబర్ సింగ్‌కు ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నది బిజులిని నది పైకంటా, మంచుకొండల అంచున ఉన్న ఉప్రాడాకు ఇచ్చాడు. పెద్దదాన్ని ఎక్కడికీ ఇవ్వలేదు. డబల్ సింగ్ అనే నెమ్మదస్తుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఇల్లరికపు అల్లుడంటే మా ఊళ్ళో నోరున్న ప్రతివాడికీ లోకువే. "ఏం అల్లుడుగారూ, ఈ పూట మామగారు అన్నం పెట్టారా?" అని అడిగేవాళ్ళు. డబల్ సింగ్ నవ్వి ఊరుకునేవాడు. చైతా ఊరుకునేది కాదు. "నీ పెళ్ళాం నీకు పెట్టిందా? అది చెప్పు ముందు" అని నడిబజార్లో కడిగేసేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా ఊరు మంచిగా ఉన్నది చైతా నోటికి జడిసే.

చైత్రం వచ్చిందంటే మా లోయలో పెళ్ళై వెళ్ళిన ప్రతి ఆడదాని చూపూ దారిమీదే. పుట్టింటి నుంచి అన్నో, తమ్ముడో, తండ్రో భిటౌలి బుట్ట నెత్తిన పెట్టుకుని రావాలి. బుట్ట నిండా అర్సాలుంటాయి. మీరు అరిసె అంటారు, మేం అర్సా అంటాం; ఆవనూనెలో వేయిస్తాం, అంతే తేడా. రోకలి పట్టిన చేతుల నొప్పి ఎక్కడైనా ఒకటే. ఆ అర్సాలను ఆడపిల్ల ఊరంతా ఇంటింటికీ పంచి, మా పుట్టింటివి అని చెప్పుకుంటుంది. కోడళ్ళను మేం పుట్టినూరి పేరుతోనే పిలుస్తాం కూడా. ఉప్రాడాలో బిజులి అందరికీ సిమల్‌సైణీ. వరసగా రెండు చైత్రాలు బుట్ట రాలేదంటే మాత్రం పుట్టిల్లు మూతబడినట్టు లెక్క, ఆ పిలుపూ పోతుంది. ఆ తర్వాత ఫలానావాడి పెళ్ళాం అంటారు, అంతే.

గబర్ సింగ్ బతికున్నన్నాళ్ళూ ఆయనే బుట్ట మోశాడు. ఆయన పోయాక వచ్చిన చైత్రంలో డబల్ సింగ్ మోసుకెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే బుట్టతో తిరిగి వచ్చాడు.

"ఏమయ్యా, ఇదేంటి?" అంది చైతా, నోరు తెరిచి.

"మీ చెల్లెలి అత్త తీసుకోలేదు" అన్నాడు డబల్ సింగ్, బుట్ట దించడానికి కూడా సిగ్గుపడుతూ. "చాయ్ ఇచ్చింది. కూర్చోమంది. బావ తెస్తే అది చుట్టపుచూపవుతుంది గానీ భిటౌలి ఎలా అవుతుందంది. ఇల్లరికం పోయినవాడివి, ఆ ఇల్లు నీదా, నీ పెళ్ళానిదే కదా అని కూడా అంది."

"అందా?"

"అంది. పదిమందీ విన్నారు."

ఆ అత్త పేరు రూప్సా. చిన్నవాళ్ళంతా కాకీ అని, అంటే పిన్నీ అని, పిలుస్తారు. ఉప్రాడాలో పెళ్ళైనా, చావైనా, గొడవైనా ఆమె తీర్పు చెప్పందే తెల్లారదు. చైతా ఆ రోజు ఆమెను తిట్టని తిట్టు లేదు. కానీ బుట్ట మాత్రం గడప దాటలేదు కాబట్టి బిజులికి ఆ చైత్రం ఖాళీగానే పోయింది.

మళ్ళీ చైత్రం వచ్చి సగం పైనే గడిచాక కంచరగాడిదలు తోలుకునే అతను పైనుంచి దిగి వచ్చి బిజులి కబురు చెప్పాడు. "దీదీతో చెప్పమంది. అందరి పుట్టింటి అర్సాలూ తిని తిని నోరు చేదెక్కిందట. రోజూ దారిమీదికి పోయి నిలబడుతోందట. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఆమెను ఊరి పేరుతో పిలవడం మానేశారట."

చైతా ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. చెల్లెలికి ఏ లోటూ లేదు, పొలముంది, మంచి మొగుడున్నాడు. కానీ పదిమందిలో పుట్టింటి పేరు పోవడమంటే మాటలా? పొద్దున్నే లేచి బియ్యం నానబోసింది.

"ఎవరు మోస్తారు?" అన్నాడు డబల్ సింగ్.

"నేనే."

ఊరంతా ముక్కున వేలేసుకుంది. మా దగ్గర ఆడవాళ్ళు కొండచరియలకు వేలాడి గడ్డి కోస్తారు, పెంట మోస్తారు, కట్టెలు మోస్తారు. కానీ నాగలి ముట్టరు, భిటౌలి మోయరు. పక్కింటి అలమ్ సింగ్ వచ్చి గోడమీద కూర్చున్నాడు. "చైతా, మీసాలు కూడా పెట్టుకుని వెళ్ళు, ఉప్రాడావాళ్ళు గుర్తుపట్టరు."

"నీవి ఇస్తావా? నీకెలాగూ అవి దండగ" అంది చైతా, రోకలి ఆపకుండా.

డబల్ సింగ్ తోడు వస్తానన్నాడు. వద్దంది. "నువ్వు పక్కనుంటే మళ్ళీ బావ తెచ్చాడంటుంది ఆ ముసల్ది. పశువుల్ని చూసుకో. నేను లేనని మజ్జిగ నేలపాలు చెయ్యకు."

బుట్ట నెత్తిన పెట్టుకుని నది వెంట పైకి బయలుదేరింది. జీపు వాడు ఆపాడు, ఎక్కమన్నాడు. భిటౌలి బుట్ట దారిలో నేలకు తగలకూడదు. జీపులో పెడితే ఎవడి కాళ్ళ కిందో ఉంటుంది. "పో నాయనా, నీ జీపు కంటే నా తల శుభ్రంగా ఉంది" అని పంపేసింది. బుట్ట దించాలంటే ఏదో ఒక ఇంటి ముందు ఆగాలి, ఇంటివాళ్ళు చేతులు పట్టి దించి దూలానికి వేలాడదీయాలి. అంటే ప్రతి ఊళ్ళోనూ ఆగాల్సిందే. చైతాకు అంతకంటే కావలసిందేముంది!

రిఖోలీలో నీటితో తిరిగే పిండి మర దగ్గర మోర్ సింగ్ తాత గోధుమలు విసురుతున్నాడు. చైతా బుట్టను చూసి కళ్ళు చికిలించాడు.

"ఎవరే అది? గబర్ కూతురివా? బుట్ట నీ నెత్తిన ఉందేమే?"

"కాళ్ళకు కట్టుకుంటే నడవలేను తాతా."

తాత పగలబడి నవ్వి, పిండి చేతులతోనే బుట్ట దించి, మర దూలానికి తగిలించాడు. వేడి వేడి రొట్టె, ఉప్పు వేసి నూరిన పచ్చిమిర్చీ పెట్టాడు. చైతా ఆయన కొడుకుల సంగతులు, కోడళ్ళ సంగతులు, మర రాయి అరిగిన సంగతి అన్నీ వింది. లేచేసరికి పొద్దు వాలింది. ఆ రాత్రి అక్కడే పడుకుంది.

మర్నాడు ఏటి గట్టున బురాంశ్ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. గుఘూతి పిట్ట కూస్తోంది. ఆ కూత వింటే మా ఆడపిల్లలకు పుట్టిల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. చైతాకు ఏడుపు రాలేదు, చెల్లెలు దారిలో నిలబడి ఇదే కూత వింటూ ఉంటుందనుకుంది. నాలుగడుగులు గబగబా వేసింది. అయిదో అడుగులో ఉల్లి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు పిలిచారు.

"దీదీ, అది నిజంగా భిటౌలేనా? నువ్వే మోస్తున్నావా?"

"కాదమ్మా, నా నెత్తిన ఊరికే పెరిగింది."

"తీసుకోకపోతే?"

"తీసుకోకపోతే ఆ వాకిట్లోనే నిలబడతా. నా మెడకేం, ముప్పయ్యేళ్ళుగా మోపులు మోస్తోంది." నవ్వుతూనే అంది గానీ, తీసుకోకపోతే అన్న మాట మాత్రం లోపల ముల్లులా దిగింది.

వాళ్ళలో చందుర అనే ఒకామె నవ్వలేదు. ఆమెకూ అన్నదమ్ముల్లేరు. చెయ్యి తుడుచుకుని వచ్చి బుట్ట అంచు ఊరికే ముట్టుకుంది. "తీసుకుంటే ఆ కబురు మాకు పంపు దీదీ, మా అక్కకు చెబుతాను" అని మళ్ళీ నారు దగ్గరికి వెళ్ళిపోయింది.

కాఫల్‌ధార్‌లో ఆగిన ఇంట్లో ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. ఇంట్లో ఒక్కతే బాలింతరాలు, మగవాళ్ళు గొర్రెల వెంట ఉన్నారు. చైతా ఆవును వదిలి వెళ్ళగలదా? కడుపు నిమిరింది, కషాయం పోసింది, దూడ కాళ్ళు పట్టి లాగింది. దూడ లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కునేదాకా కదల్లేదు. అప్పుడు ఆ బాలింతరాలు చాయ్ గ్లాసు అందిస్తూ, "రేపు బిఖోతి తిరునాళ్ళకు వెళతావా దీదీ?" అంది.

చైతా గ్లాసు కింద పెట్టేసింది. బిఖోతి అంటే వైశాఖం మొదటి రోజు. అంటే ఇవాళ్టితో చైత్రం ఆఖరు. పొద్దు వాలేలోగా బుట్ట రూప్సా గడప దాటకపోతే రెండో చైత్రమూ ఖాళీయే. ఓరి దేవుడా, కబుర్లాడి కబుర్లాడి చెల్లెలి కొంప ముంచానే అనుకుంది.

"ఎత్తవే, బుట్ట ఎత్తు!" అని అరిచింది.

చైతా దేవి జీవితంలో మొదటిసారి పరుగెత్తింది. దారిలో పిలిచినవాళ్ళకు బదులివ్వలేదు. "చైతాకేమైంది, ఒంట్లో బాగాలేదా?" అని జనం భయపడ్డారు. ఒక చేత్తో బుట్ట, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని, రొప్పుతూ, తన నోటిని తానే తిట్టుకుంటూ ఎక్కింది. ఉప్రాడా పలకరాళ్ళ ఇంటికప్పుల మీద ఎండ ఇంకా ఉంది.

రూప్సా వాకిట్లో కూర్చుని పప్పు బాగు చేస్తోంది. తలెత్తి చూసింది. చేట పక్కన పెట్టలేదు.

"రా పిల్లా. బిజులి గడ్డికి పోయింది. బుట్ట దించి కూర్చో."

"దించేది నేను కాదు కాకీ. ఇది భిటౌలి. ఇంటివాళ్ళు దించాలి."

రూప్సా నవ్వింది. "ఆడది తెచ్చిన భిటౌలా? పోయినేడు బావ, ఈ ఏడు అక్క. వచ్చే ఏడు మీ మేకను పంపుతారా?"

చుట్టుపక్కల గుమ్మాల్లోకి ఒక్కొక్కరే వచ్చారు. అప్పుడే గడ్డిమోపుతో బిజులి మలుపు తిరిగింది. అక్కను చూసింది, బుట్టను చూసింది. మోపు జారి దారిలో పడిపోయింది, తీసుకోవడానికి వంగలేదు.

"పుట్టింటివాళ్ళు తేవాలి పిల్లా" అంది రూప్సా, ఈసారి తీర్పు చెప్పే గొంతుతో. "పెళ్ళైన ఆడది పుట్టింటిది కాదు, పోయిన ఇంటిది. ఇది నేను పెట్టిన ఆచారమా?"

"కాదు. ఒప్పుకుంటా" అంది చైతా. మెడ నరాలు గుంజుతున్నాయి. "నేను ఏ ఇంటికి పోయానో చెప్పు కాకీ."

"అదేం మాట?"

"ఏ ఊరికి ఇచ్చారు నన్ను? ఏ అత్తకు కోడల్ని? బిజులిని సిమల్‌సైణీ అంటారు. నన్నెవరైనా అలా పిలిచారా? సిమల్‌సైణ్‌లోనే ఉన్నదాన్ని సిమల్‌సైణీ అని ఎందుకంటారు! పుట్టిన పొయ్యి దగ్గరే వండుకుంటున్నా. నా మొగుణ్ణి ఇల్లరికపోడని ఈ లోయంతా నవ్వింది. నవ్వండి. పోయినేడు నువ్వూ నవ్వావు. ఆ ఇల్లు నీదా, నీ పెళ్ళానిదే కదా అని ఇదే వాకిట్లో అన్నావు. అన్నావా లేదా?"

రూప్సా మళ్ళీ పప్పులో రాళ్ళు వెతికింది. ఎదురింటి గుమ్మంలోంచి ఎవరో, "అన్నావు రూప్సా కాకీ, నేనూ విన్నా" అన్నారు. ఇంకో గుమ్మంలో కిసుక్కుమన్నారు.

"నువ్వన్నది నిజమే" అంది చైతా, గొంతు ఊరంతటికీ వినిపించేలా. "ఆ ఇల్లు నాది. బిజులి పుట్టిల్లు మూతబడలేదు. ఇదిగో, నీ గుమ్మం ముందు నిలబడి ఉంది. దించు!"

"గొంతు తగ్గించవే, ఊరంతా వింటోంది."

"వినాలనే!"

రూప్సా గుమ్మాల వంక చూసింది. పొద్దు వంక చూసింది. మొండిదే గానీ, మాట తప్పే మనిషి కాదు ఆ ముసల్ది. చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నా నడుము విరిగితే మీ ఇంటికొచ్చి పడుకుంటా, వండి పెట్టాలి మరి" అని గొణుగుతూ రెండు చేతులా బుట్ట పట్టుకుని దించింది. గడప లోపలికి తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టింది.

బిజులి అక్క మెడ పట్టుకుని బావురుమంది. చైతా కూడా ఏడ్చింది, దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. "చాల్లే భులీ, చాల్లే చెల్లీ, పంచు. చీకటి పడుతోంది."

బిజులి పళ్ళెం నింపుకుని బయటికి పరుగెత్తింది. ఇంటింటికీ వెళ్ళింది. మాటల్లేని తోటికోడలి ఇంటికీ వెళ్ళింది. తలుపు తాళం వేసి ఉన్న ఇంటి ముందు, వాళ్ళు గొర్రెలతో తిరిగొచ్చేదాకా మెట్టుమీద కూర్చుంది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట, "మా పుట్టింటివి, మా అక్క తెచ్చింది." పొద్దు పూర్తిగా కుంకింది. ఇంటింటా దీపాలు పెట్టారు. ఆ మాట మాత్రం ఒక్కో కప్పు కిందనుంచి ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఓ సిమల్‌సైణీ!" అని రూప్సా వాకిట్లోంచి కేకేసింది. "ఊరందరికీ పెట్టావు, అత్త పళ్ళూడినదని వదిలేశావా?"

"వస్తున్నానత్తా!" అని ఎక్కడో కింది ఇళ్ళ దగ్గరినుంచి బిజులి బదులిచ్చింది. కానీ రాలేదు. ఇంకా రెండిళ్ళున్నాయి.